ఊపిరిలో చేరే ధూళి

ఈ పత్రికలో ఇంతవరకు నేను వ్రాసినవి స్తోత్రాల అర్థాలు, పర్వదినాల నిర్ణయాలు, శబ్దాల వ్యుత్పత్తులు. ఈ మాసం ఊపిరితిత్తుల వ్యాధిని గురించి వ్రాస్తున్నానంటే పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. నేను వైద్యుడను కాను. సంస్కృత పాఠశాలలో 38 సంవత్సరాలు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకొన్నవాడను. అయినా ఈ విషయం నా తలకెత్తుకొనడానికి కారణం మన ఆలయ ప్రాంగణంలోనే పుట్టినది. అందులో నా దోషం కూడా కొంత ఉన్నది. అది దాచి మిగిలినదంతా చెప్పడం ఉచితం కాదు.

మన కల్యాణమండపానికి 16 స్తంభాలు చెక్కిన శిల్పి ఆచారిగారిని చాలామంది భక్తులు చూచే ఉంటారు. పని జరుగుతున్న రోజుల్లో ప్రదక్షిణం చేసేవారు ఆగి ఆయన ఉలిని చూచేవారు. రెండు సంవత్సరాల క్రితం ఒక ఉదయం ఆయన ధ్వజస్తంభం దగ్గర నాలుగు మెట్లెక్కి స్తంభాన్ని పట్టుకొని నిలబడిపోయినారు.

“ఏమి ఆచారిగారూ, ఇంత చిన్న వయస్సులోనే నాకు తోడు వస్తున్నారా?” అని పరిహాసంగా అన్నాను. అప్పటికి ఆయనకు 52 ఏండ్లు.

“దుమ్మండీ శాస్త్రిగారూ. మా ఇండ్లలో అన్నంతోపాటు అదీ లోపలికి పోవలసినదే” అన్నారు, నవ్వుతూనే.

ఆ నవ్వు మధ్యలో దగ్గు వచ్చినది. అంతకుముందు ఆయనకు రెండు పర్యాయాలు క్షయ అని మందులు వాడించినారు. కొంత తగ్గినట్లుండి మళ్లీ మొదలయ్యేది. చివరకు వేరొక వైద్యుడు, ఛాతీ ఎక్స్‌రే చూడడానికి ముందే, “మీరేమి పని చేస్తారు? ఎన్నేండ్లుగా?” అని అడిగినారట. రాతిపని, 30 ఏండ్లు అని చెప్పగానే సగం వ్యాధి నిర్ణయం అయిపోయినది. దాని పేరు సిలికోసిస్.

ఆ ప్రశ్నకు ఒక చరిత్ర ఉన్నది. ఇటలీ దేశంలో బెర్నార్డినో రమజ్జీని అనే వైద్యుడు 1700లో వృత్తులవారి వ్యాధులను గురించి ఒక గ్రంథం ప్రకటించినాడు. మన పండితులకు సంస్కృతం వలె ఆనాటి యూరపు పండితులకు లాటిన్ భాష. ఆ గ్రంథమూ లాటిన్‌లోనే ఉన్నది. రోగిని అడుగవలసిన ప్రశ్నలకు తోడుగా నీ వృత్తి ఏమిటి అన్న ప్రశ్నను కూడా వైద్యుడు తప్పక అడుగవలెనని ఆయన విధించినాడు. రాళ్లు చెక్కేవారికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించినాడు. మూడు శతాబ్దాలు గడచినా ఆచారిగారిని ఆ ప్రశ్న అడిగినవాడు మూడవ వైద్యుడు.

మన గ్రంథాలలో ఏమున్నదని పాఠకులు తప్పక అడుగుతారు. చరకసంహిత చికిత్సాస్థానంలో 17వ అధ్యాయం హిక్కాశ్వాస చికిత్స. శ్వాసరోగానికి హేతువులు చెప్పేటప్పుడు చరకుడు మొట్టమొదట లెక్కించినవి ధూళి, పొగ, గాలి. ఆ తరువాతనే చల్లని చోటు, చల్లని నీరు మొదలైనవి. అయిదు విధాల శ్వాసలలో తమకశ్వాస అనేదాని వర్ణన చదివితే మన ఇండ్లలోని ఆయాసరోగిని ఎదురుగా కూర్చోబెట్టుకొని వ్రాసినట్లుంటుంది. పడుకొంటే ఊపిరాడదు, కూర్చుంటే కొంత సుఖం, వేడి వస్తువులపై ఇష్టం, మబ్బు పట్టిన రోజున బాధ ఎక్కువ. ఈ రోగం యాప్యమన్నారు, అంటే పూర్తిగా పోదు, పథ్యంతో నెట్టుకొని రావలెను. క్రొత్తగా వచ్చినదైతే సాధ్యం. ఇంతమాత్రాన సిలికా సంగతి చరకునికి తెలుసునని నేను అనను. అటువంటి గొప్పలు చెప్పుకొనడం శాస్త్రానికి గౌరవం కాదు. ధూళిని, పొగను మొదట చెప్పినాడన్నది మాత్రం సత్యం. మనం దానిని చదివి పరీక్షలు వ్రాసి మరచిపోయినామన్నది కూడా సత్యమే.

ఇప్పుడు ధూళి లోపల ఏమి చేస్తుందో నాకు అర్థమైనంతవరకు చెబుతాను. వైద్యుడు నాకు రెండు గంటలు ఓపికతో వివరించినారు.

మనిషి అహోరాత్రంలో 21,600 సార్లు శ్వాసిస్తాడని అజపాజపం చెప్పేటప్పుడు మన పెద్దలు లెక్క వేసినారు. ఒక్కొక్క శ్వాసకు సుమారు అర లీటరు గాలి. అంటే రోజుకు పదివేల లీటర్లకు పైమాటే. అన్నం తినేటప్పుడు రాయి వస్తే ఉమ్మివేస్తాం. గాలిలో రాయి వస్తే తెలియదు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. పది మైక్రాన్లకంటె పెద్ద రేణువులు చాలావరకు ముక్కులో, గొంతులో చిక్కుకొంటాయి, చీదితే పోతాయి. నాలుగైదు మైక్రాన్లకు లోపలివి మాత్రం శ్వాసనాళాల చివరనున్న గాలిగదుల దాకా వెళతాయి. కంటికి కనిపించే దుమ్ము కంటె కనిపించనిదే ప్రమాదకరమని వైద్యుడు అన్నప్పుడు నాకు నమ్మకం కలుగలేదు. ఎండపొద్దు కిటికీలో నుంచి పడినప్పుడు ఆడే రేణువులను చూచి ఇదే దుమ్ము అనుకొనేవాడను. అసలుది అంతకంటె సూక్ష్మం.

ఆ గాలిగదులకు కాపలాగా భక్షక కణాలు ఉంటాయి. వచ్చిన క్రిమిని, రేణువును మ్రింగి అరిగించడం వాటి పని. స్ఫటికరూపంలో ఉన్న సిలికాను, అంటే పలుగురాతి పొడిని, అవి మ్రింగగలవు కాని అరిగించలేవు. ఆ రేణువే కణాన్ని చంపుతుంది. చచ్చిన కణం నుంచి రేణువు బయటపడుతుంది. మరొక కణం వచ్చి దానినే మ్రింగుతుంది. అదీ చస్తుంది. ఈ విధంగా ఒకే రేణువు చుట్టూ ఏండ్ల తరబడి శోథ, అంటే లోపలి వాపు, రగులుతూనే ఉంటుంది. వాపు మానినచోట మచ్చ కడుతుంది. మెత్తని తిత్తి క్రమంగా గట్టిపడుతుంది. పని మానివేసినా లోపలి రేణువు ఉండిపోతుంది కనుక వ్యాధి ముందుకు సాగవచ్చును. సాధారణంగా పది సంవత్సరాలు దాటిన తరువాత బయటపడుతుంది. ధూళి మరీ దట్టమైతే ఐదేండ్లలోనూ, ఇంకా ముందుగానూ రావచ్చును. పోగొట్టే మందు లేదు. అంతేకాదు, సిలికా చేరిన ఊపిరితిత్తులకు క్షయ సులభంగా అంటుకొంటుంది. అందువలననే రెండింటినీ వేరుచేయడం కష్టం, ఒకదానిని మరొకటి అనుకొనడం తేలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో ఈ ధూళిని మనుష్యులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చినది.

అన్ని రాళ్లూ ఒకటి కావు. ఇసుకరాయిలో అధికభాగం ఈ పలుగే. గ్రానైటులో సాధారణంగా నాలుగవ వంతు నుంచి మూడవ వంతు వరకు ఉంటుంది. సున్నపురాయి, చలువరాయి వంటివాటిలో చాలా తక్కువ. మన మండప స్తంభాలు గ్రానైటువి.

పూర్వం కూడా రాళ్లు చెక్కినారు కదా అని ఒక దాత నన్ను అడిగినారు. చెక్కినారు. ఉలి, సుత్తి పట్టి, ఆరుబయట, ఒక స్తంభానికి నెలల తరబడి. ఉలి దెబ్బకు రాలేవి ఎక్కువగా పెచ్చులు. ఈనాడు కరెంటు గ్రైండరు పొడిరాతిమీద తిరిగితే లేచేది పిండి. ఉలి రోజంతా చేసే పనిని గ్రైండరు గడియలో చేస్తుంది. ధూళి కూడా ఆ లెక్కనే. పూర్వపు శిల్పులకు ఈ రోగం రాలేదని నేను అనను. యంత్రం దానిని త్వరపెట్టినది.

రాజస్థాన్‌లో సిరోహి జిల్లా పిండ్వాడా అనే ఊరు ఉన్నది. దేశంలోనూ విదేశాలలోనూ కట్టే ఆలయాలకు స్తంభాలు, తోరణాలు, శిఖరభాగాలు అక్కడ చెక్కి పంపుతారు. అక్కడి శిల్పులలో అనేకులు సిలికోసిస్ పాలైనారు. భర్తలను పోగొట్టుకొన్న స్త్రీలు ఆ చుట్టుపట్ల గ్రామాలలో ఎందరో. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో దీనికొక విధానం ప్రకటించినది. వ్యాధి నిర్ధారణ అయినవారికి 3 లక్షలు, మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు ఇచ్చే ఏర్పాటు అందులో ఉన్నది. గుజరాత్ ఖంభాత్‌లో అకీకు రాళ్లకు మెరుగు పెట్టేవారిది, మధ్యప్రదేశ్ మంద్‌సౌర్‌లో పలక బలపాలు కోసినవారిది ఇదే కథ. మన పూజామాలలలోని రంగురాళ్లు, మనం అక్షరాభ్యాసం చేసిన బలపాలు ఎవరి ఊపిరితో మెరుగెక్కినవో నేను ఏనాడూ ఆలోచించలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను వైద్యుడు ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధులలో చేర్చినది. అయితే పదిమంది కూడా పనిచేయని పాకలు, ఆలయ ప్రాంగణాలలో తాత్కాలికంగా వేసిన పందిళ్లు, ఆ చట్టం కంటికి ఆనలేదు.

ఇక నా దోషం. మండపం పని మొదలైనప్పుడు ఆచారిగారు బోరునుంచి నీటిగొట్టం వేయించుకొని రాయిని తడుపుతూ కోయించేవారు. ఆ నీరు ప్రదక్షిణమార్గంలోకి వచ్చి బురద అయ్యేది. భక్తులు నాతో చెప్పుకొన్నారు. ముహూర్తం నిర్ణయించినది నేనే. గడువు దగ్గర పడుతున్నది. తడిరాతి మీద గీత నిలువదని కుర్రవాళ్లు కూడా సణుగుతున్నారు. ఆ నీళ్లు ఆపించండి, పని కూడా త్వరగా తెముల్తుంది అని నేనే ఆచారిగారితో అన్నాను. పెద్దవాని మాట అని ఆయన ఆపించినారు. చివరి నాలుగు నెలలు పొడికోతే. చుట్టూ తెల్లని మేఘం. భక్తులు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని వేగంగా దాటిపోయేవారు. దాటిపోవడానికి వీలులేనివారు ఏడుగురు అక్కడే ఉండేవారు. ముహూర్తానికి మండపం సిద్ధమైనది. నాకు శాలువ కప్పినారు.

ఆ నాలుగు నెలల వలననే వచ్చినదని వైద్యుడు అనలేదు. 30 ఏండ్ల ధూళి అది. కాని తక్కిన ఆరుగురిలో ముగ్గురు పాతికేండ్లు నిండనివారు. వాళ్ల మాటే నాకు నిద్ర పట్టనివ్వదు.

రాతిధూళి ఒక్కటే కాదు. పొగ సంగతి చెప్పకపోతే మా అమ్మకు అన్యాయం చేసినవాడనవుతాను. ఆమె చుట్ట తాగలేదు, బీడీ ముట్టలేదు. 50 ఏండ్లు కట్టెలపొయ్యి ముందు కూర్చొని ఊదుగొట్టంతో ఊదినది. వానకాలంలో తడికట్టెలు, పిడకలు. వంటింటికి గూడుకిటికీ ఒక్కటే. చివరి దశలో ఆమె ఊపిరి దూరం నుంచి వినిపించేది. దానిని మేము ముసలితనపు ఆయాసమనుకొన్నాం. ఈనాడు దానిని సీఓపీడీ అంటున్నారు. పొగవలన శ్వాసనాళాల లోపలి పొర నిరంతరం వాచి, కఫం ఊరి, దారి ఇరుకవుతుంది. గాలిగదుల గోడలు చిరిగి, చిన్న గదులు కలిసి సాగిన సంచులవుతాయి. అప్పుడు గాలి లోపలికి పోతుంది కాని పూర్తిగా బయటకు రాదు. కొలిమితిత్తి ముడుచుకొనే గుణం పోగొట్టుకొన్నట్లని ఊహించుకొనవచ్చును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో ఈ వ్యాధివలన 35 లక్షల మంది మరణించినారు. సంపన్నదేశాలలో వీరిలో 70 శాతానికి పైగా పొగాకు వలన రోగులైనవారు. మనవంటి దేశాలలో పొగాకు వాటా 30 నుంచి 40 శాతం మాత్రమే; వంటింటిపొగ ఇక్కడ పెద్ద హేతువు. 2019లో అమెరికా, యూరపు శ్వాసవైద్య సంఘాలు కలిసి లెక్కకట్టి, ఈ వ్యాధిలో సుమారు 14 శాతం భారం వృత్తిలో పీల్చే ధూళి, ఆవిరుల వలననే అని తేల్చినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం వచ్చి గ్యాసుపొయ్యిలు ఇచ్చినవి. చాలా ఇండ్లలో గ్యాసు టీకి, కట్టెలు అన్నానికి అన్నట్లుగా రెండూ సాగుతున్నవి. ఆ రెండవ పొయ్యి వరండాలోకి మారినా కొంత మేలే.

మన సంస్థకు వస్తాను. వంటశాలలో పెద్ద గాడిపొయ్యిల మీద పులిహోర, చక్కెరపొంగలి వండేవారు రోజుకు ఆరేడు గంటలు పొగలో ఉంటారు. గర్భాలయానికి కిటికీ ఉండదు. సాంబ్రాణి, అగరువత్తులు, కర్పూరం, నూనెదీపాల మసి అంతా అర్చకస్వామి పీల్చేదే. దేవునిదైనా పొగ పొగే. సాంబ్రాణి పొగలోనూ సూక్ష్మరేణువులు ఉన్నవి. షోడశోపచారాలలో ధూపం ఒకటి. అది ఉపచారం, పరిమాణం కాదు. ఒక వత్తితో పూర్తి అయ్యే ఉపచారానికి కట్ట మొత్తం వెలిగించడం ఈ మధ్య వచ్చిన అలవాటు. భక్తులు తెచ్చిన కట్టలను బయటి మండపంలో వెలిగించవలెనని నేను కోరితే ఒకరిద్దరు నొచ్చుకొన్నారు. నొచ్చుకొన్నా కోరుతూనే ఉంటాను.

గోపురం గూళ్లలోని పావురాల సంగతి మరొకటి. వాటికి గింజలు వేయడం పుణ్యమని దాతలు బస్తాలకొద్దీ ఇస్తారు. ఎండిన రెట్టలోనూ ఈకల పొడిలోనూ ఉన్న మాంసకృత్తులు కొందరి శరీరానికి పడవు. రేణువు గాయపరచినందువలన కాదు, శరీరమే దానిని శత్రువుగా భావించి పోరాడినందువలన ఊపిరితిత్తి వాస్తుంది. గోశాలలో బూజుపట్టిన గడ్డిని దులిపేవారికి కూడా ఇటువంటిదే వస్తుంది. ఇంగ్లీషు వైద్యులు దానిని రైతు ఊపిరితిత్తి అనే పేరుతో పిలుస్తారు. గడ్డి దులిపిన కొన్ని గంటలకు జ్వరం, దగ్గు, ఆయాసం వచ్చి మరునాటికి తగ్గితే చలిజ్వరమని వదలివేయకూడదు. గోపురం ఊడ్చే పనివారికి నా ప్రార్థన: ముందు నీళ్లు చల్లి, తడిపి, తరువాత ఎత్తండి. పొడిచీపురు వద్దు. గోశాలకు గడ్డి ఇచ్చే దాతలు దానిని బాగా ఎండబెట్టి పంపండి.

గుంటూరు, ఆదిలాబాదు ప్రాంతాల నుంచి వచ్చే యాత్రికులలో పత్తి మిల్లులలో పనిచేసేవారున్నారు. సెలవు తరువాత మొదటి రోజు పనిలోకి వెళ్లగానే ఛాతీ పట్టివేసినట్లుండి వారం సాగేకొద్దీ తగ్గడం పత్తిధూళి వ్యాధికి తొలి గుర్తు. దానిని సోమవారపు జబ్బు అంటారు. ఏండ్లు గడచేకొద్దీ ఆ బాధ అన్ని రోజులకూ పాకుతుంది.

ఎప్పుడు వైద్యుని చూడవలెను అంటే, మూడు వారాలకు మించిన దగ్గు, తోటి వయస్సువారితో మెట్లెక్కలేకపోవడం, రోజూ కఫం. మన కొండమెట్లే మంచి పరీక్ష. గత సంవత్సరం సులభంగా ఎక్కి ఈ సంవత్సరం మూడుచోట్ల కూర్చొనవలసి వస్తే అది వయస్సే అని సరిపెట్టుకొనవద్దు. స్పైరోమెట్రీ అనే పరీక్షలో గొట్టంలోకి గట్టిగా ఊదమంటారు. మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో ఎంత వచ్చినదో చూస్తారు. గాలిగొట్టాలను విప్పే మందు పీల్చిన తరువాత కూడా అది 70 శాతానికి తక్కువైతే దారి ఇరుకైనదని అర్థం. రాతిపనివారికి ఎక్స్‌రే కూడా తీస్తారు. అడిగినా అడుగకపోయినా మీ వృత్తి, ఎన్నేండ్లు, ఏ ధూళి అన్నది మీరే చెప్పండి.

నివారణలో మొదటిది ధూళిని పుట్టినచోటనే ఆపడం. కోసే అంచు మీద నీరు పడుతూ ఉండవలెను. రెండవది పుట్టిన ధూళిని పీల్చి బయటకు పంపే యంత్రం. మాస్కు చివరిది. తుండుగుడ్డ, నూలుబట్ట సూక్ష్మధూళిని ఆపవు. ఎన్95 రకం వంటివి ముఖానికి అంటి ఉంటేనే పనిచేస్తాయి; గడ్డం ఉన్నవారికి అవి అంటవు. దాతలలో కొందరు శిలాఫలకం మీద పేరు కోరుతారు. ఆ ఫలకం చెక్కేటప్పుడు కూడా ధూళి లేస్తుంది. ఈ సంవత్సరం ఇచ్చే విరాళంలో కొంత శిల్పుల పాకకు నీటిపంపు, ధూళి పీల్చే యంత్రం, వంటశాలకు పొగగొట్టం, పనివారందరికీ ఏడాదికొక ఊపిరి పరీక్ష నిమిత్తం అని వ్రాసి ఇవ్వవచ్చునని కార్యాలయం వారు అంగీకరించినారు. రసీదు మామూలు రసీదే.

ఆచారిగారు ఇప్పుడు ఉలి పట్టడం లేదు. వేపచెట్టు క్రింద కుర్చీలో కూర్చొని పలక మీద తాళమానాలు గీసి కుర్రవాళ్లకు చూపుతారు. రెండు వాక్యాలకొకసారి ఆగుతారు. నేను తప్పు ఒప్పుకొన్నప్పుడు ఆయన, “మీరేమి చేస్తారండీ, ముహూర్తం ముహూర్తమే కదా” అన్నారు. ఆ మాటకు నాకు సమాధానం తోచలేదు.

మొన్న ఆయన కుమారుడు ప్రాకారం మరమ్మతు పనికి ముహూర్తం పెట్టించుకొనడానికి వచ్చినాడు. నీటిగొట్టం వేసినారా అని అడిగినాను. ఇంకా లేదన్నాడు. పంచాంగం మూసి ప్రక్కన పెట్టినాను. శుక్రవారం నాటికి వేయిస్తామని కార్యాలయం నుంచి కబురు వచ్చినది. శనివారం వెళ్లి కోతరాయి మీద నీరు పడుతున్నదో లేదో చూచి వచ్చిన తరువాత తిథి చూస్తాను.